సంగటి ముద్ద, సుద్దముక్క

మా అమ్మ మీద నాకు ఉండాల్సింది కోపమో కృతజ్ఞతో ఈ వయసుకు కూడా తేలలేదు. చుట్టాలందరూ కృతజ్ఞతే అంటారు. వాళ్ళకేం, పోయింది వాళ్ళ ఉద్యోగం కాదు. ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను. ఇంకాసేపటికి అన్నానికి పిలిస్తే వెళ్ళి కుడి చేత్తో తింటాను. ఈ ఏర్పాటు ఎలా వచ్చిందో చెప్పమని మనవలు అడుగుతారు కానీ చెప్పడం మొదలుపెట్టగానే నాకే వరస తప్పుతుంది. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. బద్వేలుకు ఏడెనిమిది మైళ్ళ దూరంలో మా ఊళ్ళోనే జిల్లా బోర్డు బడి ఉండేది. ఒకటే గది, ఒకడే అయివారు. ఆ అయివారు నేను. మా వంశంలో మడక పట్టకుండా నెల జీతం తెచ్చిన మొదటివాణ్ణి కాబట్టి మా నాయన నన్ను నలుగురిలో 'మీరు' అనబోయి సర్దుకునేవాడు. బడిది మట్టి మిద్దె. వానలు రాకముందే మిద్దె మీద చౌడు మన్ను పరిపించాలి, లేకపోతే చినుకు పడగానే కురుస్తుంది. కూలీలు ఇవాళ వస్తాం రేపు వస్తాం అని రెండు రోజులు తిప్పారు. మూడో రోజు నాకు కోపం వచ్చి, నేనే పంచె ఎగ్గట్టి గంప నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కాను. కోపం నాకు పుట్టుకతో వచ్చింది.

నిచ్చెన జారిందట. గుమ్మం ముందు మెట్టుగా వేసిన కడప బండకు తల ఎడమవైపు కొట్టుకుందట. ఈ 'అట'లన్నీ ఎందుకంటే ఇది నేను ఎరిగిన సంగతి కాదు. నా మటుకు నేను నిచ్చెన ఎక్కాను, ఎక్కి చూస్తే కర్నూలులో మంచం మీద ఉన్నాను. కడప ఆసుపత్రిలో పది రోజులు ఉంచి, అక్కడివాళ్ళు ఇక తమవల్ల కాదన్నాక మా మేనమామ కర్నూలుకు చేర్పించాడని తర్వాత చెప్పారు. ఆ రోజులు ఇప్పటికీ నా దగ్గర లేవు.

కర్నూలులో నా మొదటి జ్ఞాపకం ఒక చేయి. ఎవరో నా పక్కలో పడుకుని, తమ చేయి తెచ్చి నా పొట్ట మీద వేశారు. బరువుగా, చల్లగా ఉంది. తీసెయ్యమని నాయనకు సైగ చేశాను. ఆయన తీయకుండా పైగుడ్డతో మొహం కప్పుకున్నాడు. నాకు మండి, ఎడమ చేత్తో దాన్ని ఎత్తి మంచం అవతలికి విసిరాను. దాని వెంట నా భుజం కూడా పోయింది. ఆ చేయి నాదేనని అప్పుడు అర్థమైంది. అయిందనే అనుకున్నాను గానీ, మర్నాడూ అదే పని చేశానని నాయన చెప్పేవాడు.

కిటికీలోంచి చూస్తే బయటంతా డేరాలు. కర్నూలు రాజధాని అయిన కొత్త, సర్కారు కచేరీలకు కట్టడాలు చాలక డేరాలు వేశారు. నేను అది తిరునాళ్ళ అనుకుని ఏ దేవుడిదని రోజూ అడిగేవాణ్ణట. నాయన మొదట్లో విడమరిచి చెప్పి, చివరికి విసిగి, సర్కారు దేవుడిదిలే పడుకో అనేవాడు. మాట వచ్చేది కానీ నిదానంగా వచ్చేది. కోపం వస్తే అసలు వచ్చేది కాదు. అంకెలు చెప్పమంటే నాలుగు తర్వాత ఆరు చెప్పి, మధ్యలో ఏదో పోయిందని తెలిసి, అదేదో తెలియక ఏడ్చేవాణ్ణి. పిల్లలకు ఎక్కాలు చెప్పిన నోరు కదా, సిగ్గేసేది.

ఆ ఆసుపత్రి చిన్నది, ఇప్పుడు లేదు. డాక్టరు వారానికి రెండుసార్లు వచ్చేవాడు. మిగతా రోజులన్నీ మమ్మల్ని చూసింది ఒక వార్డు మనిషి. యాభై దాటిన ముసల్మాను. యుద్ధంలో తలలకూ వెన్నులకూ దెబ్బలు తగిలిన సిపాయిలను చూసుకునే ఆసుపత్రిలో పనిచేసి వచ్చాడు. అందరూ మిలట్రీ ఆయన అనేవారు. నా పక్క మంచం మీద మహానంది వైపు నుంచి వచ్చిన ఒక రైతు ఉండేవాడు. చింతచెట్టు మీంచి పడి నడుము కింద అంతా పోయింది. ఊళ్ళో ఖజానా దగ్గర గంట గంటకూ కొట్టే గంట మా వార్డుకు వినిపించేది. రెండు గంటలకొకసారి ఆ చప్పుడు వినగానే మిలట్రీ ఆయన ఎక్కడున్నా వచ్చి ఆ రైతును ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పి, వీపూ పిర్రలూ చేత్తో తడిమి చూసి పోయేవాడు. ఒంటి మీద ఒక్క పుండు కూడా పడనివ్వలేదు. డాక్టరు వచ్చి వెళ్ళినా ఆ రైతు కళ్ళు తెరిచేవాడు కాదు గానీ, ఈయన అడుగుల చప్పుడుకు తెరిచేవాడు.

నా విషయంలో ఆయన పద్ధతి వేరు. ఒక ఖాకీ గుడ్డ చింపి నా కుడి చేయిని రొమ్ముకు అదిమి కట్టేశాడు. ఎవరూ నాకు సాయం చేయకూడదన్నాడు. నేను ఆ చేతి వైపు చూడకూడదన్నాడు.

"సచ్చినోని కాడ ఎంతసేపు కూచుంటావు అయివారూ? బతికినోన్ని పట్టుకో," అన్నాడు.

బతికినవాడంటే ఎడమ చేయి. దానితో ఒక డబ్బాలోని బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, ఇంకో డబ్బాలోకి ఏరించేవాడు. చొక్కా గుండీలు పెట్టించేవాడు. అన్నం తినిపించేవాడు, అంటే నా చేత్తో నేనే తినేటట్టు చేసేవాడు. నేను ఎడమ చేత్తో తింటున్నంతసేపూ నాయన వరండాలోకి పోయి నిలబడేవాడు. మిలట్రీ ఆయన కూడా వీపు తిప్పుకునేవాడు. నేను సిగ్గుపడతానని మర్యాదకు అలా చేస్తున్నాడనుకున్నాను. బజారు నుంచి పలక తెచ్చి రాయమన్నాడు. మొదట్లో నా అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడేవి. రెండు నెలలకు నాలుగు వరసలు, నా పిల్లలు చదవగలిగేటట్టు రాశాను. కుడికాలు ఈడ్చుకుంటూ వరండా ఆ కొస నుంచి ఈ కొసకు నడిచాను. ఇంటికి బయలుదేరే రోజు, సుద్దముక్క పట్టేదాకా ఎడమ చేతిని వదలనని మిలట్రీ ఆయన నాయన ముందు నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

ఆ ఒట్టుకు కారణం ఉంది. బోర్డు వాళ్ళు నాకు జీతం లేని సెలవు ఇచ్చి, బడికి వేరే కుర్రాణ్ణి తాత్కాలికంగా వేశారు. ఉగాది దాటాక డిప్టీ ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడు. నేను నల్లబల్ల మీద రాసి పాఠం చెప్పగలిగితే ఉద్యోగం నాది, లేకపోతే ఆ కుర్రాడిది. ఎడమ చేత్తో రాయగలను, ఇంకో ఆరు నెలలు టైముంది. గట్టెక్కినట్టే అనుకున్నాను.

ఇంటికి వచ్చిన రోజు అమ్మ రాగి సంగటి చేసింది. పీట మీద కూర్చుని ఎడమ చేయి పళ్ళెంలో పెట్టబోయాను. అమ్మ పళ్ళెం వెనక్కి లాక్కుంది. నాయన ఆమెకు ఆసుపత్రి సంగతులన్నీ చెప్పాడు, ఇదొక్కటి చెప్పలేదు.

"ఆ చేత్తో అన్నం తాకొద్దు నాయనా," అంది.

కోప్పడలేదు. బతిమాలినట్టు అంది. నా ఖాకీ కట్టు విప్పేసి, పక్కన కూర్చుని, నా కుడి అరచేతిలో సంగటి ముద్ద పెట్టి, ఒక్కొక్క వేలూ దాని మీదికి మడిచి, మణికట్టు పట్టుకుని నా నోటిదాకా తెచ్చింది. ముద్ద వేడిగా ఉందని నా నాలుకకు తెలిసింది గానీ చేతికి తెలియలేదు. సామెతలో అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. మా అమ్మ పెడుతుంది, కానీ తిననివ్వదు. ఆ పూట మొదలు మూడు పూటలా అదే వరస. ముప్పావు ముద్ద ఒళ్ళో పడేది, పావు నోట్లో పడేది. మీసాలకు ఊరిబిండి పచ్చడి అంటుకునేది. ఇరవై మూడేళ్ళవాణ్ణి, ఊరికి అయివారిని, వాకిట్లో పోయే పిల్లలు చూస్తుండగా ఇలా తినాలి. ఎడమ చేయి ఊరకే ఒళ్ళో కూర్చుని ఉండేది. అది ఒక్క నిమిషంలో చేసే పనికి మేమిద్దరం గంట కుస్తీ పట్టేవాళ్ళం.

అరిచి చెప్పాలనుకుంటే మాట రాదు. నిదానంగా చెబితే వినేవాళ్ళు లేరు. తలకు దెబ్బ తగిలినవాడు ఏం చెప్పినా జనం ముందు తల ఊపి, తర్వాత వాళ్ళు అనుకున్నదే చేస్తారు. పోనీ రాతకు పాపం లేదు కదా అన్నాను. అక్షరం సరస్వతి కాదా అని అమ్మ పలకను అటక మీద పెట్టింది. నాయనకు చెబితే, నౌకరీ లేకపోతే ఇంట్లో కూడు లేదా అన్నాడు. ఆయనే నన్ను నలుగురిలో 'మీరు' అనబోయిన మనిషి. ఎవరు ఎప్పుడు మారిపోయారో, నేనే సరిగా గుర్తుపెట్టుకోలేదో నాకు తెలిసేది కాదు. ఒక్కోసారి బడి అనేది నిజంగా ఉందా, మంచం మీద కల గన్నానా అని భయం వేసేది. అప్పుడు కాలు ఈడ్చుకుంటూ పోయి దూరం నుంచి మిద్దె చూసి వచ్చేవాణ్ణి.

చలికాలం పోతుండగా ఒక మధ్యాహ్నం బుడ్డల గదిలో కూర్చుని, మూటల చాటున, ఎడమ చేత్తో మిలట్రీ ఆయనకు కార్డు రాశాను. ఎడమ చేయి ఆపేశారు, బడి పోతుంది, మీరు వచ్చి మా అమ్మకు చెప్పండి అని మూడే మాటలు. పూట పట్టింది. తపాలా మనిషి చేతిలో నేనే పెట్టాను. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో అప్పుడు తెలియలేదు.

ఆయన నిజంగానే వచ్చాడు. కడప దర్గాకు పోతూ, దారి కాకపోయినా బద్వేలులో దిగి, మా ఊరిదాకా నడిచి వచ్చాడు. సరిగ్గా భోజనం వేళ. నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. అరుగు మీద కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, చూడండి వీళ్ళేం చేస్తున్నారో అన్నట్టు నా కుడి చేయి అమ్మకు ఇచ్చాను. అమ్మ మామూలుగానే ముద్ద పెట్టి, వేళ్ళు మడవబోయింది.

"ఉండమ్మా," అన్నాడాయన. "వేళ్ళు నువ్వు మడవొద్దు."

అమ్మ చేయి తీసింది. నా వేళ్ళు ముద్ద మీదికి వాటంతట అవే వచ్చాయి. నిదానంగా, ఒకదాని వెనక ఒకటి, వచ్చి ముద్దను పట్టుకున్నాయి. అన్ని నెలలుగా అమ్మా నేనూ రోజూ చూస్తూ కూడా అది గమనించలేదు. ఆమె మడుస్తున్నాననుకుంది, నేనూ ఆమే మడుస్తోందనుకున్నాను.

మణికట్టు కూడా వదలమన్నాడు. చేయి రొమ్ము దాకా లేచి, వణికి, ఒళ్ళో పడింది. ముద్ద దొర్లిపోయింది. రెండోసారి గడ్డం దాకా వచ్చింది. మిలట్రీ ఆయన గొంతుక్కూర్చుని నా వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూశాడు.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు. "రెండు నెల్లు దీన్ని కట్టిపెట్టినా. సచ్చిందని అన్యా."

"నాకు చెయ్యి వస్తాదని తెలీదన్నా," అంది అమ్మ. "ఎడమ చేత్తో తింటే నలుగుర్లో పంక్తిలో కూచోబెట్టరని, అంతే."

"మాలోనూ తినరమ్మా. మిలట్రీలో దొర అట్లనే నేర్పమన్యాడు, నేర్పినా. అయివారు తింటాంటే సూడలేక ఈపు తిప్పుకునేవాన్ని."

నేను ఆ మాటలు వింటూ, ఇప్పుడిక నా సంగతి చెబుతాడు, ఇద్దరి మాటా నిలబెడతాడు, తినేదానికి ఇది, రాసేదానికి అది అంటాడు అని ఎదురుచూస్తున్నాను. ఆయన భుజం మీది తువ్వాలు తీశాడు. నా ఎడమ చేయి పట్టుకుని రొమ్ముకు అదిమి కట్టేశాడు. ముడి గట్టిగా వేశాడు. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా విప్పొద్దని అమ్మకు చెప్పాడు. సులువుగా పనిచేసే చేయి ఎదురుగా ఉంటే కష్టపడే చేయి పని నేర్చుకోదన్నాడు. చెప్పాల్సినవి వంద ఉన్నాయి. నోట్లోంచి వచ్చింది ఒకటే మాట, బడి అని.

"బడి యాడికి పోతాది అయివారూ? చెయ్యి పోతే మళ్ళా రాదు," అన్నాడు.

అమ్మ ఆయనకు సంగటి పెట్టింది. ఆయన తిని, నా తల నిమిరి, దర్గాలో నా పేర దువా చేస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. నా కార్డుకు అది జవాబు.

ఆయన చేసింది తప్పని నేను అనలేను. చాలా ఏళ్ళ తర్వాత కడపలో ఒక పెద్ద డాక్టరుకు ఇదంతా చెప్పాను. మీ అమ్మ చేసిందే సరైన పని కావచ్చు అన్నాడు. ఏమీ చేయకపోయినా ఆ చేయి అంతమాత్రం వచ్చేదేమో కూడా అన్నాడు. రెండూ తానే అని, రెండూ నాకే వదిలేసి, తర్వాతి రోగిని పిలిచాడు. ఏ మాట పట్టుకుని ఇంటికి రావాలో తెలియక బస్టాండులో రెండు బస్సులు వదిలేశాను.

ఉగాది దాటింది. తువ్వాలు కట్టులో ఎడమ చేయి రెండు నెలలు ఉంది. కుడి చేయి, అమ్మ మోచేతి కింద రెండు వేళ్ళు ఆనిస్తే, నోటిదాకా వచ్చేది. ఇన్‌స్పెక్టరు వస్తాడన్న రోజు పొద్దున నాయన నాకు ఇస్త్రీ చొక్కా తొడిగి బడికి తీసుకుపోయాడు. ఆ రోజు ఎడమ చేయి కట్టు విప్పారు. నాకు వాళ్ళ మీద అనుమానం లేదు. నేను గెలవాలనే వాళ్ళకూ ఉంది. పోతూ పోతూ నాయన దారిలో ప్రతి గుడికీ దండం పెట్టాడు.

ఇన్‌స్పెక్టరు మంచివాడు. అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. కుర్చీ వేయించి కూర్చోమన్నాడు, ఆరోగ్యం అడిగాడు, పిల్లలను అల్లరి చేయొద్దన్నాడు. సుద్దముక్క ఇచ్చాడు. కుడి చేత్తో తీసుకున్నాను. సంగటి ముద్ద మీదికి ఠీవిగా వచ్చే వేళ్ళు ఆ సన్నటి ముక్క మీదికి రానే లేదు. మూడుసార్లు కింద పడింది. మూడుసార్లూ ముందు వరసలో కూర్చున్న ఒక పిల్ల తీసిచ్చింది.

"ఏ చేత్తో రాసినా నాకు అభ్యంతరం లేదండీ. రాస్తే చాలు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఎడమ చేత్తో పట్టుకున్నాను. బల్ల మీద మొదటి అక్షరం తిరగబడింది. రెండోది వంకర పోయి మూడోదాని మీద పడింది. వరస కిందికి జారిపోయింది. కర్నూలులో నాలుగు వరసలు రాసిన చేయి అది, మూటల చాటున కార్డు రాసిన చేయి. పిల్లలు నవ్వితే బాగుండేది. ఒక్కరూ నవ్వలేదు.

ఎడమ చేత్తో సాధన చేశారా అని ఇన్‌స్పెక్టరు అడిగాడు. చేశానన్నాను. మరి ఎందుకు మానేశారన్నాడు. నాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఏం చెప్పాలి? అమ్మ అన్నం పెట్టిందని చెప్పాలా? మిలట్రీ ఆయన నా మంచి కోరి కట్టేశాడని చెప్పాలా? మాటలు ఎటుపోయాయో వెతుకుతూ నిలబడ్డాను. ఇన్‌స్పెక్టరు ఓపికగా చూసి, కాగితం మీద ఏదో రాసుకుని, నాకు నమస్కారం పెట్టి సైకిలెక్కి వెళ్ళిపోయాడు. తాత్కాలికపు కుర్రాడు నల్లబల్ల తుడవడానికి నా ముందు మొహమాటపడి, నేను గడప దాటేదాకా ఆగాడు.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం. అమ్మ మా మొహాలు చూసింది. ఏమీ అడక్కుండా పీట వేసి, సంగటి పెట్టి, ఊరిబిండి గిన్నె కోసం లోపలికి పోయింది. నాకు ఒళ్ళంతా కోపం. ఎవరి మీదో తెలియదు. ఆ కోపంలో ఆమె వచ్చేదాకా కూడా ఆగకుండా, కుడి చేయి పళ్ళెంలో పెట్టి ముద్ద పట్టుకున్నాను. మోచేతి కింద ఎవరూ వేలు ఆనించలేదు. చేయి లేచింది. రొమ్ము దాటింది, గడ్డం దాటింది, ముద్ద మొత్తం నోట్లోకి వచ్చింది.

అమ్మ గిన్నెతో గడప దగ్గరే నిలబడిపోయింది. నేను నిచ్చెన మీంచి పడిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే వాకిట్లోకి పరిగెత్తి ఇరుగుపొరుగును కేకేసింది. పళ్ళెం కాలితో తన్నాలనిపించింది నాకు. ఆమె కాళ్ళ మీద పడాలని కూడా అనిపించింది. ఏదీ చేయలేదు. నోరు నిండా సంగటి.

నలుగురూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. మళ్ళీ తినమన్నారు. తిన్నాను. దేవుడు కళ్ళు తెరిచినాడని ఒకామె, తల్లి సేవ ఊరికే పోదని ఒకామె అన్నారు. పెద్దాయనొకడు నా చేయి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. బడి సంగతి ఒక్కరూ అడగలేదు. అమ్మ పక్కన కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా నోటి వైపే చూస్తోంది.

"ఇంగొంచెం పెట్టేదా నాయనా?" అంది.

తల ఊపాను. ఆమె పెట్టింది. అదీ తిన్నాను.